మా అమ్మకు ఏ రోగమూ లేదు

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వరండాలో నాలుగు కూరగిన్నెలు వరసగా ఉన్నాయి. మూతలు పెట్టి, చుట్టూ ఉతికిన తువ్వాళ్లు కట్టి ఉన్నాయి. వలాండ్రా అనే ఈ చిన్న ఊళ్లో ఎవరి గుమ్మం ముందైనా కూరగిన్నె కనబడిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనో, పోయేలా ఉన్నారనో అర్థం. ఒకటి ఎత్తి అడుగున చూశాను. తెల్ల టేపు మీద పెన్నుతో ‘ఆడ్రీ’ అని రాసి ఉంది. ఈ ఊరి ఆడవాళ్లందరూ గిన్నె అడుగున అలా పేరు అంటిస్తారు, తిన్నవాళ్లు కడిగి ఎవరిది వాళ్లకు తిరిగి ఇవ్వాలి కదా. తువ్వాలు మడతలో ఒక చిన్న కార్డు ఉంది. మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలని దేవుణ్ణి వేడుకుంటున్నామని అందులో ఉంది.

అక్కడే నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. పచ్చిక మీద బంతులు దొర్లించే ఆటలో ఉందట, తన వంతు వచ్చేలోగా త్వరగా చెప్పమంది.

“అమ్మా, నీకేమన్నా జబ్బా?”

“నాకా? పొద్దుట్నుంచి ముగ్గుర్ని ఓడించాను. ఎవరే చెప్పింది?”

“వలాండ్రా ఊరంతా చెప్పుకుంటోంది.”

“ఏం జబ్బట?”

“ఇంకా తేల్చలేదు.”

“కాస్త మర్యాదైన జబ్బు చూసి పెట్టమను” అని నవ్వి ఫోన్ పెట్టేసింది.

నాకు నవ్వు రాలేదు. ఇది ఎవరి పనో నాకు తెలుసు. ఈ ఊళ్లో నా మేలు కోరి అబద్ధమాడే మనిషి ఒక్కతే, పెద్ద నర్సు గ్లెనిస్.

నా పేరు మెరిన్ టలక్. నేను బదులు డాక్టర్ని. ఎక్కడ డాక్టరు లేకపోతే అక్కడికి ఏజెన్సీ నన్ను పంపుతుంది. ఒప్పుకున్నన్నాళ్లు పగలనక రాత్రనక పనిచేస్తాను, గడువు అయిపోగానే వెళ్లిపోతాను. ఏడాదిలో సగం పని, సగం తిరుగుడు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కొనలేదు, కుక్కను పెంచలేదు. ఈ మూడూ ఎందుకు లేవని జనం వరసపెట్టి అడుగుతారు. కుక్క సంగతికొచ్చేసరికి వాళ్లకే నా మీద జాలేస్తుంది. అసలు డాక్టరు ఎప్పుడొస్తాడమ్మా అని నా ఎదురుగానే, నా చేతిలో తమ చెయ్యి పెట్టి నాడి చూపించుకుంటూ అడిగేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం ఉత్తుత్తి నాడి చూస్తున్నట్టు.

ఈసారి జార్జియా కొండల్లో నడవబోతున్నాను. మంచు కరిగి కనుమలు తెరుచుకునే వేళకు అక్కడ ఉండాలి. మళ్లీ మంచు పడి మూసుకునేదాకా తిరగాలి. ఆ తరువాత ఆర్మేనియా, ఆ పైన బుద్ధి ఎటు పుడితే అటు. టికెట్ కొన్నాను, బూట్లు కొని వార్డులో నడుస్తూ కాళ్లకు అలవాటు చేసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే, నా తరువాత రావలసిన డాక్టరు రానన్నాడు. ఇంకొకరు దొరికేదాకా వలాండ్రా ఆసుపత్రికి నర్సులూ, ఎక్కడో కూర్చుని తెర మీద మాట్లాడే డాక్టరూ దిక్కు. జబ్బు గట్టిదైతే అంబులెన్సులో రెండు గంటలు ప్రయాణం చేసి పెద్దాసుపత్రికి పోవాలి. ఇది చిన్న కష్టమని నేనెప్పుడూ అనలేదు. అందుకే ఇదివరకే రెండుసార్లు గడువు పొడిగించాను. పొడిగించినకొద్దీ ఈవిడ ఎలాగూ ఉంటుందిలే అనుకుని వెతకడం మానేశారు.

వెతకవలసింది ఆసుపత్రి సంఘం. దాని అధ్యక్షుడు హ్యూ బాలంటైన్. వాళ్ల తాత ఇచ్చిన స్థలంలోనే ఆసుపత్రి కట్టారు. వేల గొర్రెలున్న ఆసామి, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుం పట్టు. ఆయనకు కొన్ని వారాల డాక్టరు అక్కర్లేదు, పూర్తిగా ఉండిపోయే డాక్టరు కావాలి. ఇల్లు ఇస్తామన్నాడు, కారు ఇస్తామన్నాడు, నేను వద్దన్నకొద్దీ గదులు పెంచాడు. చివరికి ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద నన్ను ఆపి అసలు మాట చెప్పాడు. నేను పోతే, ఊరిని నడిమధ్యలో వదిలేసి పోయిందని ఏజెన్సీకి రాస్తాడట. ఈ చుట్టుపక్కల ఏ ఆసుపత్రీ నన్ను మళ్లీ పిలవదట.

అది ఉత్త బెదిరింపు అనుకోవడానికి లేదు, ఆయన రాయగలడు. పనిచేసిన చోట మంచిమాట రాస్తేనే ఏజెన్సీ తరువాతి ఊరు చూపిస్తుంది. ఆ మాట చెడితే నా సగం పని పోతుంది, దాంతో నా సగం తిరుగుడూ పోతుంది. ఇక ఏ పట్నంలోనో పెద్దాసుపత్రిలో చేరి ఏడాది పొడుగునా గానుగ తిరగడమే. ఇరవై తొమ్మిదేళ్లప్పుడు ఆ గానుగ తిరిగి చూశాను. మళ్లీ కట్టించుకోను.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి మందుల గదిలో గ్లెనిస్‌ను పట్టుకున్నాను. అరవైకి దగ్గరపడిన మనిషి. ఆ ఆసుపత్రిలోనే పుట్టింది, అక్కడే పనికి చేరింది. తప్పు చేసిన ముఖం కాస్తయినా పెట్టలేదు. ఎందుకు వెళ్లిపోతోందని ఆడ్రీ అడిగితే, వాళ్లమ్మకు బాగాలేదని ఒక్క ముక్క అన్నదట. మధ్యాహ్నానికి అది గుండెజబ్బు అయింది. సాయంత్రం బారు దాకా వెళ్లేసరికి మెదడులో గడ్డ అయింది. గోరంతను కొండంత చేయడానికి ఆ ఊరికి ఒక పూట చాలు.

“నిన్ను కాపాడాను తల్లీ” అంది. “తల్లి మంచాన ఉందంటే హ్యూ కూడా నోరెత్తలేడు. మంచిమాట రాసి, పూలగుత్తి చేతికిచ్చి పంపుతాడు.”

“మా అమ్మ నన్ను తంతుంది.”

“అయితే అలసిపోయానని చెప్పు. ఇప్పుడు డాక్టర్లంతా అదే అంటున్నారు. జనం కూడా అయ్యో పాపం అంటున్నారు.”

“నేను అలసిపోలేదు గ్లెనిస్. నాకీ పని ఇష్టం, తిరగడమూ ఇష్టమే. ఇష్టమై వెళ్తున్నాను.”

ఆమె మాత్రల డబ్బా మూత బిగించి నావైపు తిరిగింది. “ఇష్టమని చెబితే ఎవరొప్పుకుంటారమ్మా?”

నాకు ఒళ్లు మండింది అక్కడే. రోగానికి సెలవుంది, చావుకు సెలవుంది, పెళ్లికీ కాన్పుకీ ఉంది. బాగున్న మనిషి ఇంకాస్త బాగుండడానికి వెళ్తానంటే మాత్రం ఎవరో ఒకరిని మంచాన పడేసి చూపించమంటారు. అక్కడికెళ్లి బీదలకు వైద్యం చేస్తావా అని చర్చి ఫాదరు ఆశగా అడిగాడు. చేయను, నడుస్తాను, చూస్తాను, ఆకలేస్తే తింటాను అన్నాను. ఆయన నా కోసం ఇంకో కారణం వెతికిపెట్టలేక నొచ్చుకున్నాడు. ఆరు నెలలు ఒళ్లు వంచి పనిచేసినదాన్ని, ఎవరి దగ్గరా చెయ్యి చాచనిదాన్ని, నా కాళ్ల మీద నేను నడవడానికి మా అమ్మ మెదడులో గడ్డ మొలిపించాలా? మొలిపించను. అబద్ధం ఆడటం, ఆడినందుకు దాన్ని జీవితాంతం మొయ్యడం నావల్ల కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

శనివారం ఆ నాలుగు గిన్నెలూ కారులో పెట్టుకుని బయల్దేరాను. ఒక్కదానిలోనూ స్పూను ముంచలేదు. తినకుండా నిండుగిన్నె తిరిగి ఇవ్వడం ఈ ఊళ్లో చెంప మీద కొట్టడంతో సమానమని నాకు తెలుసు. మొదటి మూడిళ్లలో ఇచ్చేసి, మా అమ్మ కులాసాగా ఉందని, నేను తిరగడానికి వెళ్తున్నానని చెప్పేసి వచ్చాను. ఒకావిడ గిన్నె అందుకోవడం మరిచిపోయి నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చూసింది. ఆఖరున ఆడ్రీ ఇల్లు మిగిలింది. పోస్టాఫీసు కిటికీ వెనక ఆమె కూర్చోకపోతే వలాండ్రాకు ఉత్తరాలు రావు. రక్తపోటుకు నా దగ్గరే మందు వాడుతోంది. దోమల జాలీ తలుపు తెరవకుండా అవతలే నిలబడింది.

“మా అమ్మకు బానే ఉంది ఆడ్రీ. గ్లెనిస్ పొరపాటుగా చెప్పింది. నేను తిరగడానికి పోతున్నాను.”

“తిరగడానికా?”

“అవును.”

“తిరగడానికి పోయేవాళ్లకు మేం కూర వండం.”

“అందుకే తెచ్చాను.”

అప్పుడు తలుపు కాస్త తీసి గిన్నె లాక్కుంది. తిరిగి వేసేస్తూ ఆగింది.

“మా ఆయన పోయిన రోజు ఇక్కడ డాక్టరు లేడు. అంబులెన్సులో, సగం దారిలో పోయాడు. నేను ఆయన చెప్పులు వొళ్లో పెట్టుకుని మిగిలిన సగం దారీ వెళ్లాను.” గొంతు పెంచలేదు. “వెళ్లు. నీకేం, ఏరు దాటాక తెప్ప తగలేసే రకం” అని తలుపు వేసింది.

కారెక్కి తాళం తిప్పాను. బాధ కలిగింది, మనసు మాత్రం మారలేదు. ఆమె భర్త పోయిననాటి సంగతి నాకు గ్లెనిస్ ముందే చెప్పింది. అంతకుముందు ఈ ఊళ్లో ముసలి డాక్టరొకాయన ఉండేవాడు. ఒక్కడే, ఏళ్ల తరబడి, ఆదివారమూ పండగా లేకుండా పనిచేశాడు. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది, అందుకే రెండో మనిషిని పిలవాలని ఎవరికీ తోచలేదు. ఒకనాడు ఆయన కుప్పకూలి చనిపోతే వెనక ఎవరూ లేరు. ఆ ఖాళీలో పోయాడు ఆడ్రీ భర్త. ఒక మనిషిని గుంజకు కట్టేసుకుంటే డాక్టరున్నట్టే అనుకున్న ఊరు, అదే గుంజ పట్టుకుని నాకోసం చూస్తోంది.

సోమవారానికి ఊరు చల్లబడింది. రోగులు అవును, కాదు అని తప్ప మాట్లాడటం మానేశారు. రొట్టెల కొట్టులో నా వంతు రెండుసార్లు తప్పిపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. గ్లెనిస్ నాతో మాట్లాడుతూనే ఉంది కానీ ప్రతి మాట చివరా ఒక నిట్టూర్పు తగిలించేది.

మంగళవారం మధ్యాహ్నం హ్యూ గారి షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. ఏప్రిల్ మొదలు ఆయన గొర్రెల బొచ్చు కత్తిరింపు నడుస్తోంది, ఆవేళ ఆఖరి రోజు. ఒకతని ముంజేయి కత్తెర మిషనుకు తెగిందట. ఆసుపత్రికి రమ్మంటే ఆఖరి గొర్రె అయ్యేదాకా కదలనని గుడ్డ చుట్టుకుని పని చేస్తున్నాడట. సంచీ పట్టుకుని నేనే వెళ్లాను.

ఆ షెడ్డు వాసన నాకు కొత్త కాదు. మా నాన్న కత్తిరింపు మనిషి, మా అమ్మ ఆ ముఠాకు వంటమనిషి. ఏడాదిలో సగం షెడ్డు తరువాత షెడ్డు తిరిగేవాళ్లు. మిగతా సగం మా నాన్న నదుల వెంట పడి పోయేవాడు. ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు అని ఏ ఆసామీ ఆయన్ని అడగడం నేను చూడలేదు. పని తెలిసినవాడు, పని అయింది, పోయాడు, అంతే.

గాయమైన అతను నేను వెళ్లేసరికి ఇంకో గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్నాడు. నాలుగు తిట్లు తిట్టి, బొచ్చు ఏరే బల్ల మీద కూర్చోబెట్టి కుట్లు వేశాను. నేను కట్టు కడుతుండగానే ఆఖరి గొర్రె బయటికి ఉరికింది. ఎవరో మీట నొక్కారు, మోటార్లు ఆగిపోయాయి. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం అయింది. హ్యూ బీరు డబ్బాలు తెప్పించి అందరికీ తన చేత్తో పంచాడు. ముఠా మేస్త్రీ కోస్టిగన్‌ను పక్కకు పిలిచి, ఇంకో రెండ్రోజులు ఉంటారా, పక్క ఆసామీవి కొన్ని గొర్రెలు మిగిలిపోయాయి, వాన వచ్చేలా ఉంది అని అడిగాడు.

“కుదరదు హ్యూ. మావాళ్లు ఇళ్లకు పోవాలి. నేను చేపలకు పోతున్నా.”

హ్యూ నవ్వాడు. “అదృష్టవంతుడివి. సరే, ఏప్రిల్‌కి?”

“ఏప్రిల్‌కే.”

చేతులు కలిపారు. అంతే, వచ్చే ఏడాది మొత్తానికి ఒప్పందం అయిపోయింది. కాగితం లేదు, బతిమాలడం లేదు, కోస్టిగన్ వాళ్లమ్మ ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కుట్టు దారం చేత్తో పట్టుకుని అక్కడే ఉన్నాను. హ్యూ నన్ను చూసి టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

బుధవారం సాయంత్రం సంఘం సమావేశం ఊరి హాల్లో పెట్టారు. సంఘంలో ఉన్నవాళ్లు ఏడుగురు, వచ్చినవాళ్లు దాదాపు ఊరంతా. వెనక బల్ల మీద టీ కెటిలూ, ఎవరెవరో చేసి తెచ్చిన కేకులూ ఉన్నాయి. ఆడ్రీ ముందు వరసలో చేతిసంచి వొళ్లో పెట్టుకుని కూర్చుంది. నా శుక్రవారం టికెట్ సంగతి అందరికీ తెలుసు.

హ్యూ లేచి కోపగించుకుంటాడనుకుని నేను సిద్ధపడి వెళ్లాను. ఆయన అలా చేయలేదు. చాలా మర్యాదగా, నాకు ఒక దారి ఇచ్చాడు.

“చూడమ్మా మెరిన్, ఇప్పటికీ ఏం మించిపోలేదు. మీ అమ్మగారికి ఒంట్లో బాగాలేదనే మేమందరం అనుకుంటాం. నువ్వు అవుననక్కర్లేదు. కాదనకు, అంతే. నేను ఏజెన్సీకి మంచిమాటే రాస్తాను. నువ్వు మర్యాదగా వెళ్లు, మేం మర్యాదగా సాగనంపుతాం.”

హాలంతా నావైపు చూసింది. అప్పుడు నాకొకటి అర్థమైంది. వాళ్లకు అబద్ధం నాకన్నా ఎక్కువ అవసరం. తల్లి కోసం వదిలి వెళ్లిందంటే ఊరికి అవమానం లేదు. ఏవో కొండలు చూడ్డానికి వదిలి వెళ్లిందంటే, వలాండ్రా ఆ కొండలకు సరితూగలేదని అర్థం. వాళ్లకు నొప్పి అక్కడ. వాళ్ల మీద జాలి వేసింది. నేను నోరు మూసుకుని కూర్చుంటే నా పనీ దక్కుతుంది, నా ప్రయాణమూ దక్కుతుంది, కేకు ముక్క కూడా దక్కుతుంది. గ్లెనిస్ గోడ దగ్గర నిలబడి, ఊరుకో తల్లీ అని కళ్లతోనే బతిమాలుతోంది.

లేచి నిలబడ్డాను.

“మా అమ్మకు ఏ రోగమూ లేదు. మొన్న ముగ్గుర్ని ఓడించింది. నాకూ ఏ రోగమూ లేదు. మీ మీద కోపం లేదు, మీ ఊరంటే చిన్నచూపు లేదు. నేను జార్జియాలో నడవడానికి పోతున్నాను. అక్కడ నాకు పనేమీ లేదు.”

ఎవరో ఛీ అన్నారు, పైకే వినబడింది. హ్యూ ముఖం ఎర్రబడింది.

“అయితే నేను రాసేది నీకు తెలుసుగా.”

“రాయండి. రాసే ముందు ఒక్క మాట చెప్పండి. నిన్న కోస్టిగన్ మీ వాన సంగతి వదిలేసి చేపలకు పోయాడు. అతని మీద ఎవరికి రాశారు?”

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు.

“అది వేరు” అన్నాడు హ్యూ. “గొర్రె బొచ్చు ఆగుతుంది. గుండెపోటు ఆగదు.”

“ఆగదు. అందుకే చెబుతున్నా. మీ షెడ్డులో ఒక్కణ్ణి కట్టేసి గొర్రెలన్నీ కత్తిరించమంటారా? ముఠాను పిలుస్తారు. వస్తారు, చేస్తారు, పోతారు, మళ్లీ వాళ్లే వస్తారు. డాక్టరు మాత్రం ఒక్కరే కావాలి, చచ్చేదాకా ఉండాలి. అలా ఉన్నాయన్ని చంపుకున్నారు. ఆ తరువాత ఏం జరిగిందో ఇక్కడ కొందరికి బాగా తెలుసు.” ఆడ్రీ వైపు చూడకుండా చెప్పాలనుకున్నాను, చూశాను. ఆమె సంచి పిడి మీద చేతులు కదలలేదు. “నాలాంటివాళ్లు నాకు ఇంకో ముగ్గురు తెలుసు. ఒకాయన ఎండాకాలమంతా పడవ మీద ఉంటాడు, చలికాలం పని వెతుక్కుంటాడు. మిగతా ఇద్దరూ అంతే. మమ్మల్ని ఉండిపొమ్మని అడిగితే ఒక్కరం ఉండం. ఏటా మా నెలల్లో రమ్మని అడిగితే నలుగురం వస్తాం. మీకు కావలసింది వెళ్లిపోని డాక్టరు కాదు, తిరిగొచ్చే డాక్టరు. నేను ఏప్రిల్‌లో వస్తాను, మీ షెడ్డు తెరిచే వారం. కావాలంటే ఇప్పుడే చెప్పండి. వద్దంటే రాసుకోండి.”

నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. ఎవరేమనుకున్నా సరే.

“వస్తావని ఏంటి నమ్మకం?” అన్నాడు హ్యూ.

“కోస్టిగన్ వస్తాడని మీకేంటి నమ్మకం?”

“ఏటా వచ్చాడు కాబట్టి.”

“మొదటి ఏడో?”

హ్యూ నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి, అది నిజం కాదనిపించినట్టు ఆగాడు. ఎన్ని తిట్టుకున్నా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడు. నా కోసం ఊరంతటి చేతా అబద్ధం చెప్పించడానికి ఒప్పుకున్నాడు కానీ, తన కోసం చెప్పుకోలేకపోయాడు.

“మొదటి ఏడు ఊరికే నమ్మాను” అన్నాడు.

వెనక టీ కెటిలు ఉడుకుతోంది. ముందు వరసలోంచి ఆడ్రీ గొంతు వినబడింది, పోస్టాఫీసు కిటికీలోంచి మాట్లాడినట్టే, ఎటూ చూడకుండా.

“ఏప్రిల్‌కి అంటే చాలా దూరం. నా బీపీ మాత్రలు అప్పటిదాకా రాసిచ్చి పో.”

హ్యూ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ ముగ్గురి ఫోన్ నంబర్లు గ్లెనిస్‌కి ఇచ్చి వెళ్లమన్నాడు. ఏజెన్సీకి ఉన్నదున్నట్టు రాస్తానన్నాడు, పని బాగా చేసింది, తిరగడానికి పోయింది, ఏప్రిల్‌కి వస్తానంది అని. అంతకన్నా మంచిగా రాయమని నేనడగలేదు. నవ్వుతూ మాత్రం చెప్పలేదాయన. సమావేశం ముగిసిందని చెప్పి టోపీ తీసుకుని అందరికన్నా ముందు వెళ్లిపోయాడు. ఆ ముగ్గురిలో ఒకరు వచ్చేదాకా మధ్యలో ఉండే వారాల సంగతి అలాగే ఉంది, నర్సులూ తెర మీది డాక్టరే దిక్కు. దాన్ని ఎవరం మాయం చేయలేకపోయాం.

బయట కారు ముందుభాగం మీద కాగితం పెట్టి ఆడ్రీకి మాత్రలు రాస్తున్నాను. ఆమె పక్కన నిలబడి, నా చేతిరాతను పోస్టు ముద్ర వేసేముందు చూసినట్టు చూస్తోంది.

“ఎక్కడికన్నావు?”

“జార్జియా.”

“ఏముందక్కడ?”

“తెలీదు. అందుకే.”

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు ధన్యవాదాలు చెప్పలేదు, శనివారం అన్న మాటకు సారీ కూడా చెప్పలేదు.

“మా ఆయనకి కొండలంటే పిచ్చి. ఒక్కటీ చూడలేదు. సెలవు ఎప్పుడూ ఏదో ఒక కారణానికే పెట్టేవాడు” అంది. “సరిగ్గా చూసి రా. ఏప్రిల్‌లో వచ్చి ఏం చూశావో నాకు చెప్పాలి. ఊరికే తిరిగొచ్చానంటే ఊరుకోను.”

చెప్తానన్నాను. ఆమె ఇంటికి వెళ్లిపోయింది, నేను సామాను సర్దుకోవడానికి వెళ్లాను.